కలిసిపోయిందన్నారు

గుండె ఆపరేషన్ అనగానే అందరూ ఆపరేషన్ గది గురించే అడుగుతారు. రొమ్ము ఎముక ఎట్లా కోస్తారు, గుండెను ఎట్లా ఆపుతారు, మళ్లీ ఎట్లా కొట్టిస్తారు అని. నేను ఆ గదిలో ఒక్క రోజు కూడా పనిచెయ్యలేదు. నా ఉద్యోగం ఆ తర్వాత మొదలయ్యేది. తిరుపతిలోనో హైదరాబాదులోనో గుండె కోయించుకొని, కుట్లు ఆరీ ఆరకముందే ఊరు చేరిన మనుషులను మళ్లీ మనుషుల్లో పడెయ్యడం నా పని. ప్రొద్దుటూరులో ఒక చిన్న గుండె ఆసుపత్రిలో, రిటైరయ్యేదాకా చేసింది అదే. పెళ్లి చేసేది ఒకరు, కాపురం నిలబెట్టేది ఇంకొకరు అన్నట్టుండేది మా బతుకు. పేరెప్పుడూ పెళ్లి చేసినవాళ్లకే.

ఈమధ్య కొత్త నర్సులకు నాలుగు మాటలు చెప్పమని ఆసుపత్రివాళ్లు పిలిచారు. శాలువా కప్పారు. మాటలన్నీ అయ్యాక ఒక అమ్మాయి లేచి, మీ సర్వీసులో మరిచిపోలేని పేషెంటు ఎవరు మేడమ్ అని అడిగింది. బట్టల కొట్టు పెద్దాయన కథ చెప్పాను. బైపాస్ అయ్యాక నడవనని మొరాయించి, చివరికి నా పోరు పడలేక నడిచి, మనవరాలి పెళ్లిలో అప్పగింతల దాకా నిలబడ్డ మనిషి. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక నామీద నాకే చిరాకేసింది. మరిచిపోలేని మనిషి ఆయన కాదు. ఆయన్ను చాలాసార్లు మరిచిపోయాను కూడా. ఆ అమ్మాయి అడిగినదానికి అసలు జవాబు ఇప్పుడు రాస్తున్నాను. దీనికి చప్పట్లు అక్కర్లేదు.

మా పని పైకి చూస్తే ఏమీ ఉండదు. దగ్గు వస్తే దిండును రొమ్ముకు అదుముకొని దగ్గమని చెప్పడం, మూడు గుండ్లున్న ప్లాస్టిక్ డబ్బాలో గాలి పీల్పించి ఆ గుండ్లు పైకి లేపించడం, వరండాలో నడిపించడం, బిందెలు ఎత్తొద్దని, మోటారు సైకిలు ఎక్కొద్దని తిట్టడం. తిట్టడమే ఎక్కువ. మావైపు మనుషులకు ‘రెస్టు తీసుకో’ అంటే మంచం దిగొద్దని అర్థం. ‘మెల్లగా నడువు’ అంటే అసలు నడవొద్దని అర్థం. పథ్యం పేరు చెప్పి, గొంతెండిపోతున్నా గుక్కెడు నీళ్లివ్వరు, పుండుకు నీరు పడుతుందని. ఒకావిడ మొగుడికి వెల్లుల్లి కారం, అన్నం తప్ప ఇంకోటి పెట్టక మనిషిని ఎండు పుల్ల చేసింది. ఇదంతా ప్రేమతోనే చేస్తారు. కోపంతో చేసే తప్పునైతే ఒక కేక వేసి మాన్పించవచ్చు. ప్రేమతో చేసేదాన్ని మాన్పించడం నాకు చివరిదాకా సరిగ్గా చేతకాలేదు.

ఆ రోజుల్లో నాతో ఉన్నవాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. మా డాక్టరుగారికి మాట తక్కువ, కోపం ఎక్కువ. పేషెంటుకు ఏదైనా ఒక్కసారే చెప్తాడు. రెండోసారి అడిగితే నావైపు వేలు చూపిస్తాడు. రెండో మనిషి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఆమె. భర్త కువైట్‌లో ఉండేవాడు, ఇల్లూ పిల్లలూ ఉద్యోగమూ ఆమే లాక్కొచ్చేది. ఆమె సూది గుచ్చితే పేషెంటుకు తెలిసేది కాదు. మాట గుచ్చితే మాత్రం ఇల్లు చేరినా మండేది. ఆమెకు నేనంటే ప్రాణం, నాకు ఆమె తెచ్చే ఖీమా అంటే ప్రాణం.

ఇక ఆ మనిషి. గొర్రెలు కాసేవాడు. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే దారిలో, గుట్టల వారగా ఉండే చిన్న పల్లె ఆయనది. నలభై దాటాయో లేదో. చిన్నప్పుడెప్పుడో కీళ్ల జ్వరం వచ్చి, కాళ్ల నొప్పులే కదా అని ఎవరూ పట్టించుకోకపోతే, అది గుండెలో ఒక కవాటాన్ని తినేసింది. గుట్ట ఎక్కలేక జీవాల వెనకబడిపోయేవాడు. గొర్రెల్నీ మేకల్నీ కలిపి మేము జీవాలంటాం. ఆయాసమని, ఉబ్బసమని ఏళ్ల తరబడి నాటుమందులు మింగాడు. చివరికి మా డాక్టరు చూసి తిరుపతికి పంపిస్తే, అక్కడ పాడైన కవాటం తీసి లోహంతో చేసినది పెట్టారు. ఆపరేషన్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. తిరిగి మా దగ్గరికి వచ్చి, వరండా ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచి, ‘ఇంతేనా, ఇంకేమన్నా ఉందా’ అన్నట్టు నావైపు చూశాడు. గుట్టలెక్కే మనిషికి మా వరండా ఒక లెక్కా!

వెంట ఎప్పుడూ ఇద్దరు ఆడవాళ్లు వచ్చేవాళ్లు, భార్య, తల్లి. అత్తాకోడళ్లు ఒకరి మాట ఒకరు పూర్తి చేసేవాళ్లు. ఆయన మందుల సంగతి నేను చెప్తుంటే భార్య వినేది, తల్లి నా మొహం చూసేది. నేను మందలించినట్టు మాట్లాడితే కొడుకుకు ఏదో అయిందని ఆ ముసలామె కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అందుకని ఆ ఇంటివాళ్లతో మాత్రం నవ్వుతూ తిట్టడం అలవాటు చేసుకున్నాను.

వాళ్ల బాధ గాయం గురించి కాదు, శబ్దం గురించి. లోహపు కవాటం మూసుకున్నప్పుడల్లా చిన్నగా టిక్కుమంటుంది. ప్రొద్దుటూరు బజార్లో తిరిగేవాడికి అదొక లెక్క కాదు, మా ఊళ్లో పక్కవాడు అరిచినా వినబడదు. కానీ ఈయన ఉండేది పొలాల్లో. రైతులు చేలో ఎరువు కోసం మంద కట్టించుకుంటే, జీవాలతోపాటు ఆ చేలోనే పడుకోవాలి. అంత నిశ్శబ్దంలో తన రొమ్ములోంచి గోడగడియారం మోగుతుంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఊళ్లోవాళ్లు పక్కన కూర్చొని టైమెంతయిందని ఎగతాళి చేసేవాళ్లట. భార్యకు నిద్ర పట్టేది కాదట. తల్లికైతే, కొడుకు గుండెలో పరాయిదేదో కూర్చొని ఏడుస్తున్నట్టు ఉండేదట.

“మంద కాడ పండుకుంటే ఇదే ఇనపడతాంది సిస్టరమ్మా,” అన్నాడు ఒకరోజు. “జీవాలు గూడా చెవులు నిక్కబెట్టుకొని సూస్తాండాయి. దీన్ని ఎట్లన్నా జేసి నిలపండి.”

ఆ శబ్దం మంచిదేనని, కొన్నాళ్లు పోతే అలవాటై వినబడదని డాక్టరు చెప్పాడు. తిరుపతిలోనూ అదే చెప్పి పంపారు. ఆ కవాటం పెట్టించుకున్న ప్రతి మనిషికీ ప్రతి ఆసుపత్రిలోనూ చెప్పే మాటే అది, అబద్ధమూ కాదు. ముగ్గురూ తలలూపారు. తల ఊపడం మా దేశంలో ఒప్పుకోవడం కాదు, ఎదుటి మనిషిని నొప్పించకపోవడం. ఇది ముందు తెలుసుకోండి, మిగతా వైద్యం తర్వాత నేర్చుకోవచ్చు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. లోహపు కవాటం మీద రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అది జరక్కుండా బతికినన్నాళ్లూ ఒక మాత్ర వేసుకోవాలి, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకోవాలి. మాత్ర అసలు పేరు పేషెంట్ల నోట తిరగదు. అందుకని డాక్టరు దగ్గర్నుంచి మందుల షాపు దాకా అందరూ దాన్ని ‘రక్తం పలచబడే మాత్ర’ అనేవాళ్లం. ఇప్పటికీ చాలాచోట్ల అదే పేరు. కానీ మన ఇళ్లల్లో రక్తం పలచబడడమంటే ఏమిటి? మనిషి పాలిపోవడం, నీరసించిపోవడం. నాలుగు ముక్కలు మాంసం తిని రక్తం చిక్కబరుచుకోమని చెప్పే తల్లి ఉంటుంది కానీ పలచబరుచుకోమని చెప్పే తల్లి ఎక్కడైనా ఉంటుందా? ఒక రోగం పేరును మందుకు పెట్టి చేతికిస్తున్నామని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మొదట్లో అన్నీ సవ్యంగానే సాగాయి. పిలిచిన నాటికి వచ్చేవాడు, పరీక్ష చేయించుకునేవాడు, ల్యాబు ఆమె చేత నాలుగు తిట్లు తిని నవ్వుకుంటూ పోయేవాడు. గుట్టమీది సీతాఫలాలు సంచినిండా తెచ్చి ఆమెకూ నాకూ పంచాడు. మళ్లీ గుట్ట ఎక్కగలిగినందుకు అవి సాక్ష్యమన్నమాట. ఆ పళ్లు చూసి నేను పొంగిపోయాను. మా పనిలో ఇంతకు మించిన జీతం ఉండదు.

తర్వాత ఒకసారి పరీక్షకు రాలేదు. జీవాలను తోలుకొని ఎటో పోయుంటాడనుకొని ఫోన్ చేశాను. భార్య ఎత్తింది. మాట అందీ అందకుండా వినబడింది. బాగున్నాడంది, తింటున్నాడంది, తామే ఫోన్ చేద్దామనుకుంటున్నామంది. ఆదివారం మొక్కు తీర్చుకుంటున్నాం, నువ్వూ సూది ఆయమ్మా ఇద్దరూ రావాలంది. ఏం మొక్కు అంటే, వస్తే నీకే తెలుస్తుందని నవ్వింది. ఆమె అట్లా నవ్వడం అంతకుముందు నేను వినలేదు. ప్రాణం దక్కినందుకు మొక్కు తీరుస్తున్నారు కాబోలు అనుకున్నాను. పనిలో పనిగా పరీక్ష కూడా చెయ్యొచ్చని అనుకున్నాం. పిలిచి అన్నం పెడుతున్నారు, రక్తం తియ్యకుండా వస్తానా అని ల్యాబు ఆమె సూదీ సీసా సంచిలో వేసుకుంది.

జమ్మలమడుగులో బస్సు మారి, ముద్దనూరు దాటాక మలుపులో దిగి, అక్కణ్నుంచి ఆటోలో పోయాం. ఎండ మాడ్చేస్తోంది. బురఖాలో ఉడికిపోతూ ఆమె దారంతా నన్ను సాధిస్తూనే ఉంది. ఊరి చివర బండల మధ్య అమ్మవారి చిన్న గుడి. ఇంటి ముందు షామియానా వేశారు, డేగిసాల్లో పొట్టేలు కూర ఉడుకుతోంది, ఒక పక్క సంగటి గెలుకుతున్నారు. ముసలామె కొత్త చీర కట్టుకొని ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. అంతమంది చుట్టాల్లో, మా కొడుకును బతికించిన సిస్టరమ్మ అని గట్టిగా చెప్పింది. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. అబద్ధమెందుకు.

ఆయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చొని ఉన్నాడు. మెడలో పూలదండ, భుజాన కొత్త తువ్వాలు. దూరంనుంచే చెయ్యెత్తి నవ్వాడు. నా కన్ను ముందు కాళ్ల మీద పడింది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి, ముందుకు వంగి కూర్చున్నాడు. గాలి చాలనివాళ్లు కూర్చునే తీరు అది. ఎట్లున్నావప్పా అంటే, ఎండకు కొంచెం ఆయాసంగా ఉందన్నాడు. అంత చిన్న మాట చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఆగాడు. పడుకుంటే ఊపిరాడక ఈమధ్య కూర్చొనే నిద్రపోతున్నాడని పక్కనున్న ఎవరో అన్నారు. నేను పోయి మంచం మీద ఆయన పక్కనే కూర్చున్నాను.

భార్య పరుగున వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లనందరినీ మాట్లాడొద్దని సైగ చేసింది. గెలికే తెడ్డు కూడా ఆగింది.

“ఇను సిస్టరమ్మా,” అంది. “ఏమన్నా ఇనపడతాందా?”

ఏమీ వినబడలేదు. ఆయన పక్కన కూర్చుంటే ఎప్పుడూ వినబడేది ఆ రోజు వినబడలేదు.

“కొత్త గొర్రెను కొనుక్కొచ్చి మందలో ఇడిస్తే దినాలు దినాలు అరుస్తాది. మేత గూడా ముట్టదు. యాడనుంచి వచ్చినానో ఆడికే పోతానంటాది. ఒకనాటికి అరుపు నిలిపేస్తాది. నిలిపేసిందంటే మందలో కలిసిపోయినట్టు. మీరు జెప్పినట్టే ఆయప్ప గుండెలో గూడా కలిసిపోయింది.”

చుట్టూ అందరూ నా మొహం చూస్తూ నవ్వుతున్నారు. ఆమె చెప్పినదాంట్లో తప్పేముంది? తరతరాలుగా కళ్లారా చూసి నేర్చుకున్న విద్య అది. అలవాటై ‘నీకు’ వినబడదు అని డాక్టరు చెప్పిన మాటలో ‘నీకు’ అన్న ముక్క గుట్టల దాకా పోయేసరికి రాలిపోయింది. కొద్దిరోజులుగా ఆ ఇంట్లో ప్రతి మనిషీ ఆయన రొమ్ము మీద చెవి పెట్టి వింటున్నారట. మొదట శబ్దం మెత్తబడిందట. తర్వాత దూరమైందట. చివరికి నిలిచిపోయిందట. శబ్దం తగ్గిన ప్రతిరోజూ అమ్మవారికి దండం పెట్టుకున్నారట. అంత శ్రద్ధగా మనిషి గుండెను విన్న ఇల్లు నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు.

పూలదండ పక్కకు తీసి నేనూ చెవి పెట్టాను. గుండె పరుగెత్తుతోంది. టిక్కుమనాల్సిన చోట గుడ్డలో చుట్టినట్టు ఏదో మొద్దు చప్పుడు, అదీ విడిచి విడిచి. కవాటం మీద గడ్డ కట్టింది. దాని రెక్కలు కదలడం లేదు.

మాత్ర వేసుకుంటున్నావా అని అడిగాను. ఆయన తల్లివైపు చూశాడు.

తుమ్మకొమ్మ నరుకుతుంటే ముల్లు చీరి చేతికి గాయమైందట. రక్తం ఎంతకీ ఆగలేదట. పసుపు పెట్టి గుడ్డ అదిమి కూర్చున్న ముసలామె, ఆ పారే రక్తం చూసి హడలిపోయింది. మా మాటే ఆమెకు గుర్తొచ్చింది, రక్తం పలచబడే మాత్ర. నిజంగానే పలచబడిపోయిందనుకుంది. మాత్రలన్నీ తీసి అటక మీద పెట్టింది. రక్తం చిక్కబడ్డాక మళ్లీ వేసుకుందువులే అని, కార్జం, నల్ల వండి పెట్టింది. నల్ల అంటే పొట్టేలు రక్తం వేపుడు. రక్తానికి రక్తం. కొడుకు కాదనలేదు. నలభై ఏళ్లు తన చేతి కూడు పెట్టిన తల్లి మాట కంటే, నవ్వుతూ తిట్టే నర్సు మాట ఎక్కువ ఎట్లా అవుతుంది?

“నేనే నిలిపినా,” అంది ముసలామె. తప్పు ఒప్పుకున్నట్టు కాదు, మంచి పని చెప్పుకున్నట్టే అంది. ఇంకా నవ్వుతూనే ఉంది.

నోరు పెద్దదని నేను ఎగతాళి చేసే ల్యాబు ఆమె అప్పటికే ఫోన్ తీసింది. సంచిలో సూది ఉంది కానీ పరీక్ష చేసి తెలుసుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. డాక్టరుకు ఫోన్ కలిసేదాకా ఆమే అటూ ఇటూ తిరిగింది. ఆయన అంతా విని, పడుకోబెట్టకుండా పులివెందులకు తీసుకుపొమ్మన్నాడు, అక్కడివాళ్లతో తాను మాట్లాడతానన్నాడు. ఊళ్లో ఉన్న బండి ఒక్కటే, వంటసామాను తెచ్చిన మినీ లారీ. దాంట్లో ఎక్కించమంటే చుట్టాల్లో ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. మొక్కు మధ్యలో మొక్కుకున్న మనిషి పొలిమేర దాటకూడదట, పొట్టేలు తెగింది, ప్రసాదం ముట్టాక పోవచ్చట. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే భార్య నా ముందుకొచ్చి నిలబడింది.

“కలవల్యా అది?” అని అడిగింది.

“కలవల్యామ్మా. గుండె నిలిచిపోతాంది.”

ఆమె ఆ పెద్దాయన్ను చేత్తో పక్కకు నెట్టి, మొగుడి చంక కింద చెయ్యేసి లేపింది. పూలదండ అక్కడే మంచం మీద పడింది. ముసలామె ఏం జరుగుతోందో తెలియక, తిని పొమ్మని మా వెంట పడింది. లారీ కదిలాక కూడా, కనీసం సిస్టరమ్మకన్నా అన్నం పెట్టలేదే అని ఆమె ఎవరితోనో అంటుండడం వినబడింది.

పులివెందులలో ఆక్సిజన్ పెట్టారు, ఇంజక్షన్ ఇచ్చారు, ఉన్నంతలో అన్నీ చేశారు. గడ్డ కరగడమో, మళ్లీ కోసి కవాటం మార్చడమో జరగాలంటే తిరుపతే దిక్కు. అంబులెన్సులో నేనూ భార్యా ఎక్కాం. ల్యాబు ఆమె ఆసుపత్రి మెట్ల మీదే నిలబడిపోయింది. దారిలో ఆయనకు స్పృహ ఉంది. నా చెయ్యి పట్టుకొని ఏదో అడుగుతుంటే మాస్కు కొంచెం పక్కకు జరిపి వంగాను.

“అది మళ్లా అరుస్తాదా సిస్టరమ్మా?”

“అరుస్తాదప్పా. అరిపిస్తారు.”

కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచి, “ఈతూరి అరిస్తే అరవనీలే,” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పేషెంటు ముందు ఏడవకూడదని మీకు చెప్తారు, మాకూ చెప్పారు. భార్య చూడకుండా సెలైన్ సీసా వైపు మొహం తిప్పుకున్నాను. తిరుపతి చేరాం. రెండో ఆపరేషన్‌కు అంతా సిద్ధం చేస్తుండగానే గుండె ఆగిపోయింది. పెద్ద డాక్టరు బయటికొచ్చి నాతో చెప్పాడు. నేను ఆమెతో చెప్పాను. మొక్కు కోసం పూసుకున్న పసుపు ఇంకా ఆమె మొహానికి ఉంది.

ఆ తర్వాత మా ఆసుపత్రిలో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అనడానికి ఎవరున్నారు? అందరం పుస్తకంలో ఉన్న మాటే చెప్పాం. కానీ మా డాక్టరు నోట రక్తం పలచబడే మాత్ర అన్న మాట మళ్లీ రాలేదు. గడ్డ కట్టనియ్యని మాత్ర అనడం మొదలుపెట్టాడు. పేషెంట్లు దాన్ని గడ్డ మాత్ర చేసుకున్నారు, అదే మేలు. ఒక్కసారే చెప్పే మనిషి, రెండోసారీ మూడోసారీ చెప్పడం నేర్చుకున్నాడు. నేను లోహపు కవాటంతో వచ్చిన ప్రతి మనిషి ఇంటివాళ్లనూ పిలిచి, రొమ్ము మీద చెవి పెట్టించి వినిపించేదాన్ని. ఇది ఎప్పటికీ కలవని గొర్రె, బతికినన్నాళ్లూ అరుస్తూనే ఉండాలి, అరుపు మెత్తబడితే అన్నం ముందున్నా లేచి రండని చెప్పేదాన్ని. జీవాలున్న ఇళ్లవాళ్లకు చిటికెలో అర్థమయ్యేది. కొందరు లేచి వచ్చారు, బతికారు కూడా. వాళ్లను చూసి నేను సంతోషపడాలి. పడ్డాను. కానీ ప్రతిసారీ వేపచెట్టు కింది ఆ మనిషే గుర్తొచ్చేవాడు. వీళ్లకు పాఠమైన మనిషికి ఆ పాఠం ఎవరూ చెప్పలేదు కదా అని.

దినాలు అయిపోయిన కొంత కాలానికి ఆ అత్తాకోడళ్లు ప్రొద్దుటూరు వచ్చారు. ముసలామె బయట బెంచీ మీద కూర్చుంది. కోడలు ఒక్కతే లోపలికొచ్చి, చేతిలోని సంచి నా బల్ల మీద పెట్టింది. అటక మీది మాత్రలు. ఎవరికన్నా పనికొస్తాయని తెచ్చాం అంది. ఆమె కళ్లల్లోకి చూడలేక సంచిలోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె తలుపు దగ్గరికి వేసి వచ్చి, నా ఎదురుగా నిలబడింది.

“ఇయ్యి ఏసుకొనింటే బతికేటోడా సిస్టరమ్మా? నిజం జెప్పు.”

కావాలంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మాకు అటువంటి మాటలు చాలా వచ్చు. కానీ నిజం అడగడానికి అంత దూరం బస్సెక్కి వచ్చిన మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“బతికేటోడమ్మా,” అన్నాను.

“అది మెత్తబడినప్పుడే వచ్చింటే?”

“అప్పుడన్నా శానావరకు బతికేటోడు.”

ఆమె ఏడవలేదు. కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. నేను మనసులో ఇంకోటి ఊహించుకుంటున్నాను. ఇక ఆ ముసలామెకు ఆ ఇంట్లో బతుకుండదు, చచ్చేదాకా ఈ మాట పడాల్సిందే అనుకుంటున్నాను. చాలా ఇళ్లల్లో చూశాను కాబట్టి.

“ఈ మాట నా కాడనే ఉండనీ,” అంది. “మా అత్త కూడు ముట్టడంల్యా. ఏం బెట్టినా ఒక ముద్ద తిని లేస్తాది. నిన్ను అడగాలనే వచ్చింది. పిల్చకొస్తా. మాత్ర ఏసుకున్నా ఇంతేనని జెప్పు.”

పోయి పిల్చుకొచ్చింది. ముసలామె సగానికి సగమైపోయింది. కుర్చీ అంచున కూర్చొని, నేల చూస్తూ అడిగింది.

“నా కొడుకును నేనే సంపుకొంటినా సిస్టరమ్మా?”

“ల్యామ్మా,” అన్నాను. “మాత్ర అందరికీ కావాల్సిందే. నీ కొడుక్కు మాత్రం ఏసుకున్నా ఇంతే. ఆయుస్సు అంతవరకే ఉన్నింది.”

“జెప్తి గదత్తా,” అంది కోడలు తలుపు దగ్గరినుంచి.

ముసలామె నా రెండు చేతులూ తీసుకొని మొహానికి ఆనించుకుంది. వాళ్ల బస్సుకు ఇంకా టైముంది. ఎదురుగా ఉన్న హోటలుకు తీసుకుపోయి ముగ్గురికీ కారం దోశలు చెప్పాను. ముసలామె మొదట కొసలు తుంచుకుంటూ తిన్నది. తర్వాత వంచిన తల ఎత్తకుండా గబగబా తిన్నది. ఆకలి అన్నాళ్లుగా ఎక్కడ దాక్కుందో. కోడలు తన ప్లేటు ముట్టుకోలేదు. నాకు ఆకలిగా ల్యా, నువ్వు తినత్తా అని దాన్ని మెల్లగా అటు జరిపింది. ముసలామె ఆ దోశ కూడా తినేసింది.